ఫుషిమి ఇనారి కొండ కథను పిల్లలకు ఎలా చెప్పాలి

ముందు ఒక వరి కంకి సంపాదించండి. పిచ్చుకల కోసం ఇంటి ముందు వేలాడదీసే కంకుల కుచ్చులోంచి ఒకటి తీసుకున్నా చాలు. పద్మారావునగర్‌లో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఆదివారం సాయంత్రాలు పిల్లలకు కథలు చెబుతుంటాను. వాళ్లలో సగంమంది వడ్లు ఎప్పుడూ చూడలేదు. కంకి చేతికిచ్చి, ఒక్కో గింజ పొట్టు గోటితో ఒలవమంటాను. లోపల బియ్యపు గింజ కనపడగానే వాళ్ల ముఖాలు చూడాలి! కథ ఎత్తుకోవాల్సింది అప్పుడే.

జపాన్‌లో క్యోటో నగరానికి దక్షిణాన ఇనారి కొండ ఉంది, ఎత్తు 233 మీటర్లు. అక్కడి ఫుషిమి ఇనారి గుడిలో కొలిచే వరిపంట దేవుడి పేరూ ఇనారే. మన యాదగిరిగుట్టకు స్థలపురాణం ఉన్నట్టే ఆ కొండకూ ఉందని చెప్పండి. పోలిక అక్కడితో ఆపేయాలి. ఇనారి అంటే మన ఫలానా దేవుడే అనేస్తే పిల్లలు ఇక అసలు కథ వినరు.

హతా వంశంలో ఇరోగు అని ఒకాయన. ఇంటినిండా ధాన్యం. ఒకరోజు మోచిని గురిగా పెట్టి బాణం వేశాడు. మోచి అంటే జిగురు బియ్యాన్ని ఆవిరి మీద ఉడికించి, రోట్లో దంచి చేసే ముద్ద. ఇడ్లీ లాంటిది అనకండి. వినాయక చవితి ఉండ్రాయి కాస్త దగ్గరగా ఉంటుంది. కాకపోతే ఉండ్రాయి విరుగుతుంది, మోచి సాగుతుంది.

బాణం దగ్గర తొందరపడొద్దు. నేనైతే పళ్లెంలో ఒక ఉండ్రాయి పెట్టి, దూరంగా జరిపి, ఏమీ మాట్లాడకుండా కూర్చుంటాను. "అన్నంతో అలా ఆడకూడదు కదా అమ్మమ్మా" అని ఎవరో ఒకరు అంటారు. కాలికి మెతుకు తగిలితే కళ్లకద్దుకునే ఇళ్లలో పిల్లలు, వాళ్లకు మనం చెప్పక్కర్లేదు.

ఆ మోచి తెల్లపక్షిగా మారి కొండ కొమ్మున వాలింది. వాలిన చోట వరి మొలిచింది. 'ఇనే' అంటే వరి, 'నారి' అంటే మొలవడం, పండడం. ఇనారి పేరు అలా వచ్చిందని కథ. మన 'నారు' గుర్తొచ్చి పిల్లలు ఎగిరి గంతేస్తారు. గుర్తు పెట్టుకోవడానికి బాగుంటుంది గానీ, రెండు మాటలకూ చుట్టరికం లేదని తప్పకుండా చెప్పండి.

కాస్త పెద్ద పిల్లలైతే క్యూషూ దీవిలోని బుంగో ప్రాంతపు కథ కూడా కలిపి చెప్పండి. అక్కడా మోచిని గురి చేస్తారు, అదీ తెల్లపక్షి అవుతుంది. కానీ అది ఎగిరిపోయాక పొలాలు బీడుపడతాయి. ఒకే తప్పుకు ఒకచోట పంట, ఒకచోట బీడు ఎందుకని వాళ్లు వాదించుకుంటుంటే నాకెంతో ఇష్టం.

గుడి 711లో వెలిసిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. రెండేళ్లకు, 713లో, ప్రతి ప్రాంతం తన విశేషాలు రాసి పంపాలని గెమ్మెయ్ మహారాణి ఆజ్ఞ వేసింది. ఆ పుస్తకాలను ఫుదోకి అంటారు. క్యోటో ఉన్న ప్రాంతానికి పాత పేరు యమాషిరో, మన కథ ఆ యమాషిరో ఫుదోకిలోది. ఆ పుస్తకం పూర్తిగా దొరకలేదు, వేరే పుస్తకాల్లో ఎత్తిరాసిన ముక్కలే మిగిలాయి.

ఇనారి గుడిలో కనిపించే నక్క బొమ్మల గురించి అడుగుతారు, సిద్ధంగా ఉండండి. మొదటిసారి నేను నక్కే దేవుడని చెప్పేశాను. తెలిశాక వారం తిరగకముందే పిల్లలందరినీ పిలిచి సరిదిద్దాను. నక్కలు ఇనారి దూతలు. కొన్ని బొమ్మల నోట్లో వరికంకి, కొన్నిటికి గాదె తాళంచెవి ఉంటాయి. మన జిత్తులమారి నక్కను ఇక్కడికి రానివ్వకండి.

ఇంకో కథ ఉంది. 823లో కూకై అనే బౌద్ధ గురువుకు క్యోటోలోని తోజీ ఆలయం దక్కింది. వరికట్టలు మోసుకుంటూ, ఇద్దరు స్త్రీలతో, ఇద్దరు పిల్లలతో ఒక ముసలాయన ఆ గుడి ద్వారం దగ్గరకు వచ్చాడట. ఆయనే ఇనారి. దీన్ని బాణం కథకు అతికించొద్దు, మరో ఆదివారం చెప్పండి.

బాణం కథ ముగింపు మాత్రం వదలకండి. ఇరోగు వంశంవాళ్లు పూర్వీకుడి తప్పుకు బాధపడి, గుడి దగ్గరి చెట్టును పెకలించి తెచ్చి ఇంట్లో నాటి పూజించారు. చెట్టు బతికితే కలిసొస్తుంది, ఎండితే లేదని నమ్మకం. ఇది చెప్పాక మేం పాత పెయింటు డబ్బాల్లో నందివర్ధనం కొమ్మలు గుచ్చాం. ఐదింట్లో రెండు చిగురేశాయి. మిగతా మూడింటికీ పిల్లలు ఇంకా నీళ్లు పోస్తూనే ఉన్నారు.