గ్యాస్ గోళీలు మింగుతున్నా తగ్గట్లేదా? ఆటోఇమ్యూన్ గ్యాస్ట్రైటిస్ ఏమో చూపించుకోండి

మా అక్క మల్కాజ్‌గిరిలో ఉంటది, రెండేళ్లు గ్యాస్ అనుకొని రోజూ పరగడుపున ఒక గోళీ మింగింది. నాలుగు ముద్దలు తినంగనే కడుపు నిండిపోయేది, మెట్లెక్కితే ఆయాసం, అరికాళ్లల్ల తిమ్మిర్లు. ఒకరోజు గుడి దగ్గర చెప్పు ఊడిపోతే తెలీకుండానే పది అడుగులు నడిచింది, వెనక నుంచి నేనే చూసి పిలిచిన. నాలుక చూపియ్యమంటే గరుకన్నదే లేదు, ఎర్రగా నున్నగా ఉన్నది.

చివరికి తేలింది ఆటోఇమ్యూన్ గ్యాస్ట్రైటిస్ అని. ఈ జబ్బులో ఏమైతదంటే మన ఒంట్లో రోగాలతో కొట్లాడాల్సిన వ్యవస్థే పొట్ట పైభాగంలో యాసిడ్ తయారుచేసే కణాల మీద పడి వాటిని మెల్లమెల్లగా పాడు చేస్తది. ఆ కణాలే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అని ఇంకోటి కూడా తయారుచేస్తయి, అది లేకుంటే తిండిలో ఉన్న బీ12 విటమిన్ ఒంటికి పట్టదు, యాసిడ్ తగ్గితే ఐరన్ కూడా సరిగ్గా పట్టదు. అంటే ఇది యాసిడ్ ఎక్కువై కాదు తక్కువై వచ్చే బాధ, దానికి యాసిడ్ తగ్గించే గోళీ ఏళ్లకేళ్లు వేసుకుంటే ఏం లాభం చెప్పండి. ఆదివారం ఆదివారం మటన్ తినే ఇంట్లో బీ12 పడిపోయిందంటే అక్కడే అనుమానం రావాలె.

ముందు సీబీపీ అనే రక్త పరీక్ష చేయించండి, బస్తీ దవాఖానాలో ఫ్రీగనే అయితది. అందులో ఎంసీవీ, అంటే ఎర్ర కణాల సగటు సైజు, 100 దాటితే ఎర్ర కణాలు పెద్దగయినయని అర్థం. కానీ ఐరన్ కూడా తక్కువుంటే చిన్న కణాలు, పెద్ద కణాలు కలిసి సగటు నార్మల్‌గా కనిపిస్తది, దాన్ని చూసి మోసపోవద్దు, బీ12, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) రెండూ చూపించుకోండి. బీ12 సూది వేయించుకోక ముందే రక్తం ఇవ్వాలె, తర్వాత ఇస్తే నంబర్ నమ్మలేం. ఆ తర్వాత పెరైటల్ సెల్ (ఆ యాసిడ్ కణాల పేరే ఇది) యాంటీబాడీ, ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ యాంటీబాడీ, పరగడుపున గ్యాస్ట్రిన్ (యాసిడ్ తయారుచేయమని పొట్టకి చెప్పే హార్మోన్) పరీక్షలు. గ్యాస్ గోళీలతో కూడా గ్యాస్ట్రిన్ పెరుగుతది కాబట్టి వాడుతున్న సంగతి డాక్టర్‌కి దాచకండి.

తేల్చి చెప్పేది మాత్రం ఎండోస్కోపీలో పొట్ట లోపలి పొర నుంచి తీసే ముక్క. అక్కకి మొదటిసారి చేసినప్పుడు పొట్ట కింది భాగం నుంచే ముక్క తీసి ఏం లేదు మామూలు గ్యాస్ట్రైటిస్ అని పంపించేశారు, ఎనిమిది నెలలు పోయినయి, ఈ జబ్బేమో ఉండేది పైభాగంలో, మధ్యలో. అందుకే ముందే అడగండి, సార్ పైనుంచి, కిందినుంచి రెండు చోట్లా ముక్కలు తీసి వేర్వేరు డబ్బాల్లో పంపించండి అని. హెచ్ పైలోరీ అనే పొట్టలో చేరే బ్యాక్టీరియా ఉందేమో కూడా చూస్తరు, ఉంటే దానికి మందు వేరే ఉంటది.

మొత్తానికే తగ్గించే మందు లేదు, కానీ లోటు పూడ్చుకోవచ్చు. బీ12 సూది 1000 మైక్రోగ్రాములది మొదట్లో దగ్గర దగ్గరగా వేసి తర్వాత నెలకోసారి చేస్తరు, జీవితాంతం. సూది వద్దనుకునేటోళ్లకి రోజూ 1000 మైక్రోగ్రాముల గోళీ కూడా చాలామందికి పనిచేస్తది, ఎందుకంటే అందులో ఒక శాతం దాకా ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ లేకున్నా లోపలికి పోతది. నరాల బాధ ఉంటే మాత్రం సూదితోనే మొదలుపెట్టించుకోండి, ఆలస్యమైతే ఆ తిమ్మిరి పూర్తిగా పోకపోవచ్చు. ఐరన్ గోళీలు పట్టకపోతే సెలైన్‌లో ఎక్కిస్తరు.

ఇంకోటి, ఫోలిక్ యాసిడ్. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి టీమే 1940ల్లో దాన్ని ల్యాబ్‌లో తయారుచేసింది, గొప్ప మందు. కానీ బీ12 లేకుండా అదొక్కటే వేసుకుంటే రక్తం బాగైనట్టు కనిపిస్తది, లోపల నరాలు పాడవుతూనే ఉంటయి.

థైరాయిడ్, షుగర్ కూడా చూపించుకోండి, ఇవి జతగా వస్తుంటయి. పొట్టలో చిన్న గడ్డలు, క్యాన్సర్ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ కాబట్టి 3 ఏళ్లకోసారి ఎండోస్కోపీ చేయించుకోమంటరు. అక్క క్యాలెండర్ మీద సిలిండర్ తేదీ పక్కనే సూది తేదీ రాసుకుంటది, ఎండోస్కోపీ సంవత్సరం ఫైల్ అట్ట మీద పెద్దగా రాసిపెట్టింది.