మాల వేసుకుని ఆఫీసుకు వెళ్ళే స్వాములకు

కార్తీకంలో మన ఊళ్ళో అయ్యప్ప మాల వేసుకుంటే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. నల్ల బట్టలు కనబడగానే బస్సు కండక్టర్ నుంచి టీ కొట్టు ఆయన దాకా అందరూ ‘స్వామీ’ అనేస్తారు. అదే మాలతో పుణెలోనో గురుగ్రామ్‌లోనో, ఆ మాటకొస్తే హైదరాబాద్‌లోనే సగం మంది ఉత్తరాదివాళ్ళున్న ఆఫీసులోకి వెళ్ళారనుకోండి, వాళ్ళ కళ్ళకు కనబడేది వేరే. నిన్నటిదాకా షూ వేసుకుని టక్ చేసుకుని వచ్చిన మనిషి ఇవాళ నల్లబట్టల్లో, వట్టి కాళ్ళతో, గడ్డంతో వచ్చాడు, లంచ్‌కి రమ్మంటే రానంటున్నాడు. ఇంట్లో ఎవరైనా పోయారేమోనని గుసగుసలాడుకునేవాళ్ళు కూడా ఉంటారు. పాపం, వాళ్ళకేం తెలుసు?

కాబట్టి వారం ముందే మేనేజర్‌కీ టీమ్‌కీ చెప్పేయండి. హరిహరసుతుడి కథ దగ్గర మొదలుపెట్టొద్దు, అది తర్వాత ఎవరైనా అడిగితే తీరిగ్గా చెప్పుకోవచ్చు. వాళ్ళకి కావాల్సింది తమకి ఏం మారుతుంది అన్నదొక్కటే. ఇలా ఒక మెసేజ్ పెడితే చాలు: ‘వచ్చే సోమవారం నుంచి 41 రోజులు దీక్షలో ఉంటాను. చెప్పులు వేసుకోను, గడ్డం తీయను, నల్లబట్టల్లో వస్తాను. బయటి తిండి తినను. సాయంత్రం పూజ ఉంది కాబట్టి ఆరింటికి బయల్దేరతాను, బదులుగా ఉదయం ఎనిమిదికే వస్తాను. పని మామూలే.’ లీవు తేదీలు మాత్రం శబరిమల దర్శనానికి ఆన్‌లైన్ క్యూలో స్లాట్ దొరికాకే రాయండి. స్లాట్ ఒక రోజుకీ శబరి ఎక్స్‌ప్రెస్ టికెట్ ఇంకో రోజుకీ దొరికి, లీవు రెండుసార్లు మార్చమని అడిగితే ఎంత మంచి మేనేజర్‌కైనా చిరాకే.

వట్టి కాళ్ళ సంగతి. ఐటీ ఆఫీసులో అయితే రెండు రోజులు చూస్తారు, మూడో రోజు మర్చిపోతారు. ఫ్యాక్టరీలో, సైట్ మీద అలా కుదరదు, అక్కడ సేఫ్టీ షూ తప్పనిసరి. సేఫ్టీ ఆఫీసర్‌తో ‘మా ఆచారం’ అని వాదనకు దిగకండి, ఆయన చూసేది మీ భక్తిని కాదు, మీ పాదాన్ని. ముందే మీకు మాల వేసిన గురుస్వామిని అడిగి డ్యూటీ వరకు షూకి అనుమతి తీసుకోండి, ఆయన ఒప్పుకోకపోతే ఆ రోజులకి డెస్కు పని అడగండి. బాత్రూంకి విడిగా రబ్బరు చెప్పులు ఉంచుకునేవాళ్ళు ఉన్నారు, అదీ ఆయన్నే అడగండి.

పిలుపుల దగ్గర కాస్త చూసుకోవాలి. మనకి దీక్షలో పసిపిల్లాడు కూడా స్వామే, ఆడవాళ్ళందరూ మాతలే. కానీ ముప్ఫై ఏళ్ళు కూడా లేని హెచ్‌ఆర్ అమ్మాయిని మీటింగ్‌లో ‘మాతా’ అంటే ఆవిడ ముఖం ఒకసారి చూడాలి. తెలియనివాళ్ళని పేరు పెట్టి, ‘గారు’ తగిలించి పిలవండి. షేక్‌హ్యాండ్ ఇవ్వకూడదు అనుకుంటే ఎదుటివాళ్ళు చెయ్యి చాపకముందే నమస్కారం పెట్టేయండి. చాపిన చెయ్యి గాల్లో ఉండిపోతే అది అవమానంగానే మిగులుతుంది, తర్వాత ఎంత సర్దిచెప్పినా సరే.

ఇంకో మాట, గట్టిగానే చెప్తున్నా. అంటు, ముట్టు అంటూ ఆఫీసులో ఏ ఆడమనిషినీ ఏమీ అడగొద్దు, కుర్చీ దూరం జరుపుకోవద్దు, సైగలు చేయొద్దు. నియమం తీసుకున్నది మీరు. మీకు మనసొప్పకపోతే ఇంటికెళ్ళి తలస్నానం చేయండి, ఎటూ సాయంత్రం చేసేదే కదా.

ప్రశ్నలు వస్తాయి. అన్ని వయసుల ఆడవాళ్ళూ గుడిలోకి వెళ్ళొచ్చని 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పప్పుడు టీవీలో చూసిందే చాలామందికి శబరిమల గురించి తెలిసిందంతా, సరిగ్గా అదే మిమ్మల్ని అడుగుతారు. మీరు గుడిని నడిపే దేవస్వం బోర్డు లాయర్ కాదు, టీ బ్రేక్‌లో కేసు తేల్చాల్సిన పనిలేదు. మీ అభిప్రాయం ఒక్క ముక్కలో చెప్పండి, లేదా ‘నేను ఎందుకు వెళ్తున్నానో చెప్తాను, కేసు సంగతి వదిలేయ్’ అనండి. ముస్లిం మిత్రులు అడిగితే అయ్యప్ప ముస్లిం స్నేహితుడు వావర్ పేరు మీద ఎరుమేలిలో ఉన్న మసీదు గురించి చెప్పండి, కొండకి వెళ్ళే స్వాములు అక్కడా ఆగుతారంటే ఆశ్చర్యపోతారు.

అన్నిటికంటే తమాషా ప్రశ్న పక్క సీటు మలయాళీ నుంచి వస్తుంది. ‘మా ఊరి దేవుడికి మీరెందుకింత హడావుడి చేస్తారు?’ అంటాడు. అక్కడ మెళ్ళో మాల వేసుకుని, చొక్కా ప్యాంటూ చెప్పులతో మామూలుగా ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు చాలామంది. పీఠం పెట్టి, పడిపూజలు చేసి, రోజుకొకరింట్లో భిక్ష చేసే పద్ధతి మన దగ్గర ఎక్కువ. అందుకే ‘శాస్త్రంలో ఇలాగే ఉంది’ అని బిగుసుకోకండి, ‘మా గురుస్వామి ఇలా చెప్పారు, అలాగే చేస్తున్నా’ అనండి. నిజం కూడా అదే.

పుట్టినరోజు కేకు తెస్తారు. ‘గుడ్డు ఉంటుంది, దీక్షలో తినను, హ్యాపీ బర్త్‌డే’ అంతే, నవ్వుతూ. ముక్క తీసుకుని టిష్యూలో చుట్టి డస్ట్‌బిన్‌లో వేస్తే ఎవరో ఒకరు చూడనే చూస్తారు. టీమ్ డిన్నర్ అయితే కాసేపు కూర్చుని కొబ్బరినీళ్ళు తాగి వచ్చేయొచ్చు, లేదంటే ముందే రానని చెప్పండి. మీ కోసం అందరూ శాకాహార హోటల్‌కి రావాలని మాత్రం అడగొద్దు.

తెల్లవారుజామున లేచి చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనం. మధ్యాహ్నం మూడింటికి కళ్ళు మూతలు పడతాయి, కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ టైమ్‌లో ముఖ్యమైన కాల్స్ పెట్టుకోకండి. జూనియర్ మీద ఒక్కసారి అరిచారా, ‘మాలలో ఉండి ఇదేంటి’ అనే మాట ఫ్లోరంతా తిరుగుతుంది. ఎవరికీ అయ్యప్ప గురించి తెలియకపోయినా ఆ లెక్క మాత్రం అందరికీ తెలుసు.

తిరిగొచ్చాక అరవణ ప్రసాదం డబ్బా తెస్తారు కదా. ముందే చెప్పండి: బియ్యం, బెల్లం, నెయ్యి, బాగా తీపి. షుగర్ ఉన్నవాళ్ళు చెంచా చివర అంటించుకుంటారు. వేరే మతంవాళ్ళు కొందరు ప్రసాదం వద్దంటారు, వాళ్ళ నియమం వాళ్ళది, రెండోసారి బతిమాలకండి. మాల తీశాక తొలి శుక్రవారం ‘ఇవాళ పార్టీయేగా?’ అని ఎవడో ఒకడు అడుగుతాడు. దానికి జవాబు ఏం చెప్పాలో మీరే చూసుకోండి, ఆ విషయంలో గురుస్వామి కూడా ఏమీ చేయలేరు.