అనైసోమైసిన్ ఇచ్చినా భయం తగ్గలేదా? ముందు గుర్తుచేసిన రోజు వీడియో చూడండి

సమస్య: ఎలుకకు షాక్‌తో భయం నేర్పారు. మర్నాడు అదే శబ్దం వినిపించో, అదే పెట్టెలో ఉంచో గుర్తుచేసి, ఆ జ్ఞాపకాన్ని చెరపడానికి వెంటనే అనైసోమైసిన్ (కొత్త ప్రోటీన్ల తయారీని ఆపే మందు) ఇచ్చారు. ఆ మర్నాటి టెస్ట్‌లో మందు గుంపుకీ సెలైన్ గుంపుకీ (మందుకు బదులు ఉప్పునీళ్లు ఇచ్చినవి) ఫ్రీజింగ్‌లో, అంటే భయంతో కదలకుండా బిగుసుకుపోవడంలో, తేడా లేదు.

అందరూ ముందు మందునే అనుమానిస్తారు. దయచేసి గుర్తుచేసిన రోజు వీడియో తీయండి. ఎలుక అప్పుడే ఫ్రీజ్ కాలేదంటే చెరపడానికి జ్ఞాపకమే లేదు. షాక్ ఇచ్చే నేల (గ్రిడ్) కడ్డీల మధ్య పెంటికో మూత్రమో అడ్డుపడితే కరెంటు పాదాల్లోకి పోకుండా దాని మీదుగా పోతుంది. 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక కడ్డీల మధ్య మీటర్ పెట్టి చూడండి. షాక్ యంత్రం డయల్ మీద అంకెను నమ్మకండి.

వీడియోలో బాగానే ఫ్రీజ్ అయిందా? అయితే దొంగ కారణం వేరే: జ్ఞాపకం కదల్లేదు, అంటే గుర్తుచేసినా మార్చడానికి వీలుగా వదులు కాలేదు. అనైసోమైసిన్ ఇక్కడ ఆపేది కొత్త ప్రోటీన్ల తయారీని. గుర్తుచేసినప్పుడు సినాప్సుల్లోని (నాడీకణాలు కలిసే చోట్లలోని) పాత ప్రోటీన్లను ప్రోటియాజోమ్ (కణంలో ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రం) విప్పితేనే, తిరిగి కట్టడానికి కొత్తవి కావాలి. విప్పకపోతే మందుకు ఆపడానికి పనే ఉండదు. మెదడులో భయాన్ని చూసుకునే భాగమైన అమిగ్డలాలో ఈ విప్పడం మొదలవ్వాలంటే ఎన్‌ఆర్2బి అనే భాగం ఉన్న ఎన్‌ఎండిఏ గ్రాహకాలు (నాడీకణాల మీద సంకేతాలు అందుకునే ప్రోటీన్లు) కావాలి. జ్ఞాపకాల పరిశోధకుడు నాడర్ బృందం 2009లో చూపించింది ఇదే: శబ్దం, షాక్ జతను 10 సార్లు ఇస్తే ఎన్‌ఆర్2బి తగ్గుతుంది, మొదట్లో జ్ఞాపకం కదలదు, 60 రోజులకు కదులుతుంది. 2000లో అదే నాడర్, షేఫ్, లెడూలకు ఫలితం వచ్చింది ఒక్క జతతో. ఫలితం గట్టిగా రావాలని జతలు పెంచేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

శబ్దానికి కాక, షాక్ తగిలిన పెట్టెను చూసి భయపడే చుంచుల్లో లెక్కంతా నిమిషాలది. సుజుకి బృందం 2004లో ఒక్క షాక్ ఇచ్చిన చుంచులను మళ్లీ పెట్టెలో 3 నిమిషాలు ఉంచితే మందు పనిచేసింది, 1 నిమిషం చాల్లేదు. 3 షాక్‌లు ఇస్తే 10 నిమిషాలు కావాల్సి వచ్చింది. 30 నిమిషాలు ఉంచితే ‘ఇక్కడిక షాక్ లేదు’ అన్న కొత్త పాఠం మొదలైంది, మందు ఆ పాఠాన్నే ఆపేసింది.

అందుకే గ్రాఫ్‌లో సెలైన్ గుంపును చూడండి. రెండు గుంపులూ ఎత్తుగానే ఉంటే జ్ఞాపకం కదల్లేదు: షాక్‌లు తగ్గించండి, లేదా పెట్టెలో ఉంచే సమయం పెంచండి. సెలైన్ గుంపు తగ్గి మందు గుంపు ఎత్తుగా ఉంటే సమయం మరీ ఎక్కువైంది. 3, 5, 10 నిమిషాలతో చిన్న గుంపుల మీద ముందే ప్రయత్నించి చూసుకోండి. వేరే ల్యాబ్ నిమిషాలు మీ షాక్‌కు సరిపోవు.

మిగతావి అరుదు. మందును ఆమ్లంలో కరిగించి పీహెచ్ 7.4కు తెచ్చేటప్పుడు మసకబారితే పారేయండి. కాన్యులా (మెదడులోకి మందు పంపే సన్న గొట్టం) చోటు తప్పిందేమో చివర్లో మెదడు ముక్కల్లో చూసుకోండి. గుర్తుచేసిన 6 గంటలకు ఇస్తే మందు పనిచేయదు.

సరిచేశాక తేడా వస్తే, మందు ఇచ్చిన 4 గంటలకు కూడా ఒక టెస్ట్ పెట్టండి. అప్పుడు ఫ్రీజింగ్ మామూలుగా ఉండి 24 గంటలకు పడిపోవాలి. 4 గంటలకే పడిపోతే అది జ్ఞాపకం చెరగడం కాదు. ఎలుకకు ఒంట్లో బాగోలేదేమో, అమిగ్డలా దెబ్బతిందేమో చూడండి.