ఫోనును కంప్యూటరుతో కేబుల్ లేకుండా కలపడం ఎలా?

ఫోనులో తీసిన ఫోటోను కంప్యూటరులోకి ఎక్కించడానికి ఇప్పటికీ చాలామంది దానిని వాట్సాప్‌లో తమకు తామే పంపుకుంటారు. పని జరుగుతుంది కానీ ఫోటో నాణ్యత తగ్గుతుంది. పైగా పక్క బల్ల మీదికి చేరవలసిన ఫైలు ఎక్కడో ఉన్న సర్వరు దాకా వెళ్లి తిరిగి వస్తుంది.

ఈ ఇబ్బందిని తీర్చడానికి పుట్టిన స్టార్టప్‌లు తక్కువేమీ కాదు. పుష్‌బులెట్ ఒకప్పుడు ఉచితంగా ఇచ్చిన కొన్ని సౌకర్యాలను 2015లో డబ్బు కట్టేవారికి పరిమితం చేసింది. ఇజ్రాయెల్‌కు చెందిన స్క్రీనోవేట్ రూపొందించిన సాఫ్ట్‌వేర్‌ను డెల్ తన ల్యాప్‌టాప్‌లలో మొబైల్ కనెక్ట్ పేరుతో అందించింది. తరువాత ఆ స్టార్టప్‌ను ఇంటెల్ కొనుగోలు చేసి, అదే పరిజ్ఞానంతో 2022లో యూనిసన్‌ను తెచ్చి, 2025లో దానిని నిలిపివేసింది. సాఫ్ట్‌వేర్ ఎంత బాగున్నా, దానిని నడిపే సంస్థ నిర్ణయం మారితే మన అలవాటు కూడా మార్చుకోక తప్పదు. అందుకే ఈ వ్యాసంలో ఏ కంపెనీ సర్వరు మీదా ఆధారపడని, ఖాతా తెరవమని అడగని కేడీఈ కనెక్ట్‌ను తీసుకుంటున్నాను. 2013లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే కార్యక్రమంలో ఒక విద్యార్థి ప్రాజెక్టుగా రూపుదిద్దుకున్న ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ లినక్స్, విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్, ఐఫోన్‌లన్నిటిలోనూ దొరుకుతుంది.

మొదటి మెట్టు: రెండు వైపులా ఇన్‌స్టాల్ చేయడం

ఆండ్రాయిడ్ ఫోనులో ప్లే స్టోర్ నుంచి గానీ, ఉచిత సాఫ్ట్‌వేర్ యాప్‌లు దొరికే ఎఫ్-డ్రాయిడ్ నుంచి గానీ యాప్‌ను దించుకోండి. విండోస్ కంప్యూటరుకు మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరుకుతుంది. లినక్స్‌లో కేడీఈ డెస్క్‌టాప్ వాడేవారికి తరచుగా ముందే ఉంటుంది, గ్నోమ్ అనే మరో డెస్క్‌టాప్ వాడేవారు జీఎస్‌కనెక్ట్ అనే ఎక్స్‌టెన్షన్‌ను చేర్చుకుంటే అదే యాప్‌తో పనిచేస్తుంది. విండోస్‌లో మొదటిసారి తెరిచినప్పుడు ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ రాకపోకలను అదుపుచేసే రక్షణ) అనుమతి అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కు ఒప్పుకోండి.

రెండవ మెట్టు: ఒకే వైఫైలో ఉంచి జత చేయడం

ఫోను, కంప్యూటరు రెండూ ఒకే రూటరుకు కలిసి ఉండాలి. కంప్యూటరు కేబుల్ ద్వారా కలిసి ఉన్నా పర్వాలేదు. ఫోనులో యాప్ తెరిస్తే కొద్ది క్షణాలలో కంప్యూటరు పేరు కనిపిస్తుంది. దానిని నొక్కి జత చేయమని కోరితే, కంప్యూటరు తెర మీద అంగీకారం అడిగే సందేశం వస్తుంది. ఆ సమయంలో రెండు తెరల మీదా ఒక చిన్న సంకేతం కనిపిస్తుంది. చాలామంది దానిని చూడకుండానే ఒప్పుకుంటారు కానీ, హాస్టల్ వంటి చోట ఒకే వైఫైలో అనేక ఫోనులు ఉన్నప్పుడు జత అయ్యేది మీ ఫోనేనని తెలిపే ఆనవాలు అదొక్కటే కాబట్టి రెండూ ఒకటిగా ఉన్నాయో లేదో చూశాకే అంగీకరించండి. ఆ తరువాత రెండింటి మధ్య సాగే సమాచారమంతా ఇతరులు చదవలేని విధంగా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది.

కంప్యూటరు పేరు కనిపించకపోతే

ఎక్కువ మంది ఇక్కడే విసిగి యాప్ తీసేస్తారు. కారణం దాదాపు ఎప్పుడూ నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. ముందుగా, ఫోను రూటరులోని గెస్ట్ నెట్‌వర్క్‌కు కలిసి ఉందేమో చూడండి. అతిథుల వైఫైలోని పరికరాలు ఒకదానినొకటి చూడకుండా రూటరే అడ్డుకుంటుంది. కార్యాలయాలలో, కళాశాలలలో కూడా తరచుగా ఇదే ఏర్పాటు ఉంటుంది. రెండవది, విండోస్‌లో మీ ఇంటి వైఫై ‘పబ్లిక్’ అని నమోదై ఉండవచ్చు. సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్ వివరాలు తెరిచి ‘ప్రైవేట్’ అని మార్చండి. మూడవది, విడిగా ఫైర్‌వాల్ పెట్టుకున్నవారు 1714 నుంచి 1764 వరకు ఉన్న పోర్టులను టీసీపీ, యూడీపీ రెండింటికీ తెరవాలి. ఇవన్నీ సరిగా ఉన్నా పేరు రాకపోతే, యాప్‌లోని మూడు చుక్కల మెనూలో ఐపీ చిరునామా ద్వారా పరికరాన్ని చేర్చే వీలుంది.

కలిసినట్టే కలిసి కాసేపటికి విడిపోతూ ఉంటే మాత్రం అది ఫోను బ్యాటరీ పొదుపు చేసే పని. ఫోను సెట్టింగ్స్‌లో ఈ యాప్‌కు బ్యాటరీ పరిమితిని తీసివేయండి.

మూడవ మెట్టు: ఏది పంచుకోవాలో తేల్చుకోవడం

జత అయ్యాక ఫైళ్లు, క్లిప్‌బోర్డ్ (కాపీ చేసినది నిలిచే చోటు), నోటిఫికేషన్లు, పాటల నియంత్రణ, ఫోనునే మౌస్‌గా వాడుకోవడం వంటివి విడివిడి ప్లగిన్‌లుగా కనిపిస్తాయి. అన్నిటికీ ఒకేసారి అనుమతులు ఇచ్చేయవద్దు. ముఖ్యంగా నోటిఫికేషన్ల విషయంలో నా సలహా కొంచెం కఠినంగానే ఉంటుంది. ఆ ప్లగిన్‌కు అనుమతి ఇస్తే ఫోనుకు వచ్చే బ్యాంకు ఓటీపీ కూడా కంప్యూటరు తెర మూలన ప్రత్యక్షం కావచ్చు. సమావేశంలో తెరను ప్రొజెక్టరుకు కలిపి ఉన్నప్పుడు గానీ, ఇతరులు కూడా వాడే కంప్యూటరులో గానీ అలా జరగకూడదు. యాప్‌లోని నోటిఫికేషన్ సెట్టింగులలో ఏ యాప్‌ల సందేశాలు పంపాలో ఎంచుకునే జాబితా ఉంది. అందులో మెసేజ్‌లు, బ్యాంకు, చెల్లింపుల యాప్‌ల ముందున్న టిక్కును తీసివేసి, క్యాలెండరు వంటివాటిని మాత్రం ఉంచుకోండి.

నాలుగవ మెట్టు: రోజువారీ వాడకం

ఫోను గ్యాలరీలో ఫోటో ఎంచుకుని ‘షేర్’ నొక్కితే వచ్చే జాబితాలో కేడీఈ కనెక్ట్ కనిపిస్తుంది. కంప్యూటరును ఎంచుకుంటే ఫోటో ఉన్న నాణ్యతతోనే డౌన్‌లోడ్స్ ఫోల్డరులో పడుతుంది. బయటి సర్వరుతో పని లేదు కాబట్టి ఆ సమయానికి ఇంటర్నెట్ ఆగిపోయినా బదిలీ ఆగదు.

తెలుగులో రాసేవారికి అన్నిటికంటే ఉపయోగపడేది క్లిప్‌బోర్డ్. కంప్యూటరులో తెలుగు కీబోర్డు అలవాటు లేనివారు ఫోను కీబోర్డులోని మైకు నొక్కి పేరా మొత్తం మాట్లాడి, అచ్చుతప్పులు దిద్ది, దానిని కాపీ చేసి పంపితే కంప్యూటరులోని పత్రంలో నేరుగా అతికించవచ్చు. ఆండ్రాయిడ్ 10 నుంచి వెనుక నడిచే యాప్‌లు క్లిప్‌బోర్డును చదవడం నిషిద్ధం కాబట్టి కాపీ చేయగానే అది తనంతట తాను వెళ్లదు. నోటిఫికేషన్ పట్టీలో ఉండే కేడీఈ కనెక్ట్ గడిలో క్లిప్‌బోర్డును పంపే బొత్తాన్ని నొక్కాలి. కంప్యూటరులో కాపీ చేసినది ఫోనుకు రావడానికి ఈ అదనపు నొక్కు అక్కరలేదు.

ఐఫోను వాడేవారు ఆశలు కొంత తగ్గించుకోవాలి. యాప్ తెరిచి ఉన్నంతసేపే అనుసంధానం నిలుస్తుంది, నోటిఫికేషన్లు కంప్యూటరుకు రావు. ఫైళ్ల బదిలీకి మాత్రం చక్కగా సరిపోతుంది.

చివరి మెట్టు: జతను తెంచడం

ల్యాప్‌టాప్‌ను కార్యాలయానికి తిరిగి అప్పగించేటప్పుడు గానీ, పాత ఫోనును అమ్మేటప్పుడు గానీ ముందుగా ‘అన్‌పెయిర్’ నొక్కండి. ఫోను పోయిన సందర్భంలో కంప్యూటరు వైపు నుంచే జత తెంచవచ్చు. ఆ తరువాత ఆ ఫోను ఇంటి వైఫైలోకి తిరిగి వచ్చినా, మీరు మళ్లీ అంగీకరించేవరకు కంప్యూటరు దానిని కొత్త పరికరంగానే చూస్తుంది.