వారాంతపు జర్మనీ, ఐదో పాఠం: విడిపోయే రైళ్లు

నాలుగో పాఠం చదివి హార్ట్స్ కొండల దగ్గరి క్వెడ్లిన్‌బుర్గ్ ఊరికి బయలుదేరిన జంటల్లో కొందరు వెర్నిగెరోడె అనే వేరే ఊళ్లో తేలారు. ఒక జంట సంగతి మరీ విచిత్రం. సీట్లు దొరకలేదని చెరో పెట్టెలో కూర్చున్నారట. భార్య క్వెడ్లిన్‌బుర్గ్ చేరింది, భర్త సూట్‌కేసుతో సహా గోస్లర్ దారి పట్టాడు. బెర్లిన్ నుంచి రైలు మారకుండా వెళ్లవచ్చని నేను రాసిన మాట నిజమే. ఏ పెట్టెలోనైనా కూర్చోవచ్చని మాత్రం ఎక్కడా రాయలేదు. ఈ వారం చెప్పాల్సిన హైడల్‌బెర్గ్ కోటను పక్కన పెట్టి, ముందు ఈ రైలు సంగతి తేల్చుకుందాం.

శుక్ర, శని, ఆదివారాల్లో బెర్లిన్ నుంచి హార్ట్స్ కొండల వైపు నడిచే ఆ రైలు పోట్స్‌డామ్, మాగ్డెబుర్గ్ దాటి హాల్బర్‌ష్టట్ దాకా ఒకటే. అక్కడ రెండుగా విడిపోతుంది. ఒక సగం వెర్నిగెరోడె మీదుగా గోస్లర్‌కు, రెండో సగం క్వెడ్లిన్‌బుర్గ్ మీదుగా టాలెకు వెళ్తుంది. ఒక సగంలోంచి రెండో సగంలోకి లోపల దారి ఉండదు. పొరపాటు తెలిసినా, మధ్యలో ఏదైనా స్టేషనులో దిగి ప్లాట్‌ఫారం మీదుగా పరుగెత్తాల్సిందే. ఒకప్పుడు మన వైపు లింకు ఎక్స్‌ప్రెస్‌లలో తిరిగిన పెద్దవాళ్లను అడగండి, ఇది వాళ్లకు కొత్త కాదు.

టికెట్ కొనడం మీకు వచ్చు, వదిలేస్తున్నాను. డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాసు మాత్రం ఇద్దరికీ విడివిడిగా ఉండాలి.

ఇక అసలు చిక్కు. "ముందు సగమా, వెనుక సగమా చెప్పండి చాలు" అని చాలామంది రాశారు. చెప్పను. ఈ ప్రశ్నే మిమ్మల్ని వెర్నిగెరోడెకు చేర్చింది. బోర్డు మీద ఫోర్డరర్ ట్సూగ్‌టైల్ అని కనిపిస్తే ముందు భాగం, హింటరర్ ట్సూగ్‌టైల్ అని కనిపిస్తే వెనుక భాగం. అంతవరకు బాగానే ఉంది. కానీ ముందు అంటే ఎటు? ఖాళీ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషికి రైలు ఎటు నుంచి వస్తుందో తెలియదు. ఫ్రాంక్‌ఫర్ట్, లైప్‌జిగ్, మ్యూనిక్ ప్రధాన స్టేషన్లలో పట్టాలు గోడ దగ్గర ఆగిపోతాయి. లోపలికి వచ్చిన రైలు వచ్చిన దిక్కుకే తిరిగి బయలుదేరుతుంది. వచ్చేటప్పుడు ముందున్న పెట్టె వెళ్లేటప్పుడు వెనుకది అవుతుంది. అలాంటి స్టేషనుకు ముందే ఎక్కిన స్నేహితుడు "మేము ముందే కూర్చున్నాం" అంటే, ఆ తర్వాత ఎక్కే మీకు ఆ మాట తలకిందులు. పోయిన నెల ముందున్న సగం ఈ నెల కూడా ముందే ఉంటుందన్న హామీ అసలే లేదు.

నమ్మదగినవి రెండే. ప్లాట్‌ఫారం మీద వేలాడే ఏ, బీ, సీ అక్షరాలు: ఏ సగం ఏ అక్షరాల దగ్గర ఆగుతుందో బోర్డు చూపిస్తే అక్కడికే నడవండి. అంతకంటే గట్టిది పెట్టె పక్కన, తలుపు దగ్గర వెలిగే గమ్యం పేరు. అక్కడ టాలె అని లేకపోతే ఎక్కకండి. నా పద్ధతి ఇంకా తేలిక. భుజాన సంచీ, చేతిలో నడక కర్రలు ఉన్న పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఎక్కడికని అడుగుతాను. వాళ్లు ఈ దారిలో ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్నవాళ్లు.

బెర్లిన్ నుంచి పడమరకు వెళ్లే ఐసీఈ అనే వేగపు రైళ్లలోనూ ఇదే తంతు. చాలా రైళ్లు హామ్‌లో విడిపోతాయి. ఒక సగం డోర్ట్‌మండ్, ఎస్సెన్ మీదుగా డ్యుసెల్‌డోర్ఫ్ వైపు, మరో సగం హాగెన్, వుప్పర్టాల్ మీదుగా కొలోన్ వైపు వెళ్తాయి. సీటు రిజర్వు చేసుకుంటే పెట్టె నంబరే మిమ్మల్ని కాపాడుతుంది. మ్యూనిక్ నుంచి టెగర్న్‌జే సరస్సుకు వెళ్లేవాళ్లు హోల్ట్స్‌కిర్షెన్, షాఫ్ట్‌లాహ్ పేర్లు గుర్తుపెట్టుకోండి, అక్కడి రైళ్లు విడిపోయేది ఆ స్టేషన్లలోనే.

క్వెడ్లిన్‌బుర్గ్ క్షేమంగా చేరినవాళ్లు కొండ మీది చర్చి ఎలాగూ చూస్తారు. 1945లో ఒక అమెరికన్ సైనికుడు అక్కడి నిధిలోని వస్తువులను పోస్టులో టెక్సస్‌కు పంపేశాడు. వాటిలో చాలావరకు 1990లలో తిరిగి వచ్చాయి. నన్ను అడిగితే ముందు వోర్ట్‌గాస్సె 3కు వెళ్లమంటాను. 14వ శతాబ్దపు కొయ్య ఇల్లు అది. ఊళ్లోని తర్వాతి కాలపు ఇళ్లలో ఒక్కో అంతస్తుకు ఒక్కో చట్రం బిగించారు. ఇక్కడ నిట్రాళ్లు నేల నుంచి కప్పుదాకా ఒకే దుంగగా లేస్తాయి. సాయంత్రానికి చర్చి కొండకు ఎదురుగా ఉన్న మ్యుంట్సెన్‌బెర్గ్ గుట్ట ఎక్కండి. పాత మఠం శిథిలాల్లోనే జనం ఇళ్లు కట్టుకున్నారు.

అభ్యాసం: వచ్చే శనివారం ఎక్కడికీ వెళ్లకండి. దగ్గరలోని పెద్ద స్టేషనులో గంటసేపు ఇద్దరూ ప్లాట్‌ఫారానికి చెరో చివర నిలబడండి. ఫోను జేబులోనే ఉండాలి. వచ్చిన ప్రతి రైలుకూ మీ ఎదుట ఆగిన పెట్టె మీది గమ్యం, అక్కడి అక్షరం కాగితం మీద రాసుకోండి. చివర్లో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. గమ్యాలు తేడాగా ఉంటే ఆ రైలు విడిపోయేదే. ఎక్కడ విడిపోతుందో కనిపెట్టి, జవాబు ఇద్దరూ విడివిడిగా పంపండి. భార్య రాసింది చూసి భర్త ఎక్కించిన జవాబులు దిద్దను.