ఇల్లు ఖాళీ చేసే ముందు: అడ్వాన్సు విషయంలో జాగ్రత్తలు

నోటీసు నోటిమాటతో సరిపెట్టకండి. నెల ముందు చెప్పాలని అగ్రిమెంటులో ఉంటే ఒకటో తేదీకల్లా వాట్సాప్‌లో పంపి, ఓనరు జవాబు రాబట్టండి. ఐదో తేదీన చెబితే ఆ నెల లెక్కలోకి రాదని పేచీ పెట్టేవాళ్లున్నారు.

అసలు గొడవంతా పెయింటింగ్ దగ్గరే. హైదరాబాద్‌లో చాలా అగ్రిమెంట్లలో, ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె రంగులకు కోసుకుంటామని ఉంటుంది. అలా ఉంటే సొంతంగా రంగు వేయించకండి, రెండింతలు ఖర్చు. అలాంటి షరతు లేకపోతే మేకుల రంధ్రాల్లో వాల్‌పుట్టీ నింపి, ఆరాక గరుకు కాగితంతో రుద్దండి. ఏళ్లు గడిచి వెలిసిన రంగు మాత్రం మామూలు అరుగుదల. షరతు లేనప్పుడు దానికి కోత ఒప్పుకోనక్కర్లేదు.

సామాను దించాక గదిగదినీ వీడియో తీయండి: కుళాయిలు తిప్పి, ఫ్యాన్లు, గీజరు వేసి మరీ. సింకు కింద, బాత్రూం టైల్స్ అంచులు వదలొద్దు.

కరెంటు మీటరు రీడింగ్ ఫొటో తీసి, గత బిల్లు తర్వాతి యూనిట్లకు ఎంతో అప్పుడే తేల్చేయండి. బిల్లు వచ్చాక చూద్దామంటే అడ్వాన్సూ అప్పటిదాకా ఆగుతుంది. మెయింటెనెన్స్ బాకీ లేదని అసోసియేషన్ రసీదు తీసుకోండి.

రెండు నెలల అడ్వాన్సు ఉంటే, ఆఖరి నెల అద్దె అందులో సర్దుకునేలా ముందే మెసేజ్‌లో ఒప్పించుకోవడం మేలు. తాళాలు మాత్రం లెక్క తేలి, డబ్బు ఖాతాలో పడ్డాకే.