వేడెక్కుతున్న టండ్రా వదిలే వాయువులను కొలవడం ఎలా

టండ్రా (చెట్లు ఎదగని అతిశీతల ప్రాంతం) సహా ఉత్తరార్ధగోళంలోని శాశ్వత హిమనేలల్లో, అంటే ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉండే నేలల్లో, సుమారు లక్షన్నర కోట్ల టన్నుల సేంద్రియ కార్బన్ నిల్వ ఉంది. ఇది ఇప్పుడు వాతావరణంలో ఉన్న కార్బన్‌కు దాదాపు రెట్టింపు. నేల వేడెక్కే కొద్దీ ఈ నిల్వలో ఎంత భాగం ఏ వాయువుగా బయటికి వస్తుందో తెలియాలంటే నేల దగ్గరికే వెళ్లి కొలవాలి. ఆ పనికి పూనుకునే విద్యార్థులు, పరిశోధకులు మొదట్లోనే తేల్చుకోవలసిన విషయాలను ఇక్కడ వివరిస్తున్నాను.

అన్నిటికంటే ముందు చూడవలసింది తడి. నేల పొడిగా ఉండి గాలి ఆడితే సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతాయి. నీరు నిలిచి ఆక్సిజన్ అందని చోట మీథేన్ పుడుతుంది. శాశ్వత హిమం కరిగినప్పుడు ఒకచోట నేల కుంగి నీటిమడుగు ఏర్పడితే, దాని పక్కనే నీరు ఇంకిపోయి నేల ఎండిపోవచ్చు. కాబట్టి ఉష్ణోగ్రతను ఒక్కదాన్నే నమోదు చేసి, నీటిమట్టాన్నీ, ఇనుప కడ్డీని గట్టి మంచు తగిలేదాకా గుచ్చి తెలుసుకునే కరుగుదల లోతునూ వదిలేస్తే, ఆ తర్వాత వచ్చే అంకెలను అర్థం చేసుకునే దారి ఉండదు. తడి నేలలోనూ పొడి నేలలోనూ విడివిడిగా, ఒక్కో రకంలో కనీసం నాలుగైదు మడులైనా (కొలతలకు గుర్తుపెట్టుకునే చిన్న నేల ముక్కలు) ఎంచుకోవడం మంచిది.

వేడెక్కడం వల్ల కలిగే ప్రభావాన్ని విడిగా చూడాలంటే కొన్ని మడుల చుట్టూ పైకప్పు లేని పారదర్శక గోడలను నిలబెట్టాలి. ఓపెన్ టాప్ చాంబర్లుగా పిలిచే ఈ ఏర్పాటును 1990లో మొదలైన అంతర్జాతీయ టండ్రా ప్రయోగం అనేక దేశాలకు వ్యాపింపజేసింది. ఇవి గాలిని అడ్డుకుని ఎండ వేడిమిని లోపల నిలుపుతాయి. ఇలాంటి 56 ప్రయోగాల ఫలితాలను కలిపి 2024లో ప్రచురించిన విశ్లేషణలో, గాలి సగటున 1.4 డిగ్రీలు, నేల 0.4 డిగ్రీలు వేడెక్కితే, పెరుగుదల కాలంలో మొక్కలూ నేలా కలిసి చేసే శ్వాసక్రియ 30 శాతం పెరిగినట్లు తేలింది. ఆ పెరుగుదల అన్నిచోట్లా ఒకేలా లేదు. నేలలోని నత్రజని, ఆమ్లత్వం వంటి స్థానిక పరిస్థితులను బట్టి మారింది. అందుకే నేల నమూనాలను మొదటి ఏడాదే సేకరించి పెట్టుకోవాలి. చలికాలంలో ఈ గోడలు మంచును పోగుచేసి నేలను అదనంగా కప్పే ప్రమాదం కూడా ఉంది; అలాస్కాలోని హీలీ సమీపంలో 2008లో మొదలైన ప్రయోగంలోనైతే మంచుకంచెలతో ఈ కప్పు ప్రభావాన్నే కావాలని వాడుకుని నేలను వేడి చేశారు.

ఇక కొలత. ప్రతి మడిలోనూ ఒక ప్లాస్టిక్ వలయాన్ని కొన్ని సెంటీమీటర్ల లోతుకు దించి, తెగిన వేళ్ల ప్రభావం తగ్గేదాకా కొన్ని వారాలు వదిలేయాలి. తర్వాత దాని మీద గాలి చొరబడని పారదర్శకమైన పెట్టెను బోర్లించి, లోపలి చిన్న ఫ్యాను గాలిని కలుపుతుండగా రెండు మూడు నిమిషాలపాటు వాయు విశ్లేషణ యంత్రం చూపే సాంద్రతలను నమోదు చేయాలి. వెలుతురులో వచ్చేది నికర మార్పిడి, అంటే మొక్కలు తీసుకున్న కార్బన్ డయాక్సైడ్‌కూ శ్వాసక్రియలో వెలువడినదానికీ మధ్య మిగిలే తేడా. వెంటనే పెట్టెను తెరిచి గాలి మార్చి, నల్లగుడ్డ కప్పి మళ్లీ కొలిస్తే శ్వాసక్రియ ఒక్కటే తెలుస్తుంది; ఈ రెంటి తేడాయే కిరణజన్య సంయోగక్రియ.

లెక్క ఒకసారి చేత్తో చేసి చూడటం అవసరమని నా అభిప్రాయం. పెట్టె ఎత్తు 30 సెంటీమీటర్లు, లోపల 10 డిగ్రీల ఉష్ణోగ్రత, సముద్రమట్టపు పీడనం అనుకుందాం. అప్పుడు ఘనమీటరు గాలిలో, అణువుల సంఖ్యకు కొలమానమైన మోల్ లెక్కన, సుమారు 43 మోల్‌లు ఉంటాయి. నల్లగుడ్డ కింద రెండు నిమిషాల్లో కార్బన్ డయాక్సైడ్ 420 నుంచి 432 పీపీఎంకు (పది లక్షల భాగాల గాలిలో అన్ని భాగాలు) చేరితే, సెకనుకు 0.1 పీపీఎం పెరిగినట్లు. 0.1ని 43తోనూ 0.3 మీటరుతోనూ గుణిస్తే, చదరపు మీటరు నుంచి సెకనుకు సుమారు 1.3 మైక్రోమోల్‌లు వెలువడుతున్నాయని వస్తుంది (మైక్రోమోల్ అంటే మోల్‌లో పది లక్షో వంతు). పెట్టె లోపలి ఉష్ణోగ్రతను రాసుకోకపోతే ఈ 43 అన్న అంకె దగ్గరే తప్పు దొర్లుతుంది.

మీథేన్ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఒక కిలో మీథేన్ వందేళ్ల లెక్కన దాదాపు 27 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా వేడిమిని నిలుపుతుంది కాబట్టి చిన్న పొరపాటు కూడా పెద్దదవుతుంది. సగం కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడిన పీట్ నేల మీద అడుగు వేస్తే చాలు, లోపలి బుడగలు పైకి తన్నుకొస్తాయి. తెరమీద నిదానంగా ఎక్కుతున్న గీత ఒక్కసారిగా మెట్టులా లేస్తుంది. అందుకే చెక్క పలకల దారి వేసుకుని, దానిమీద కదలకుండా నిలబడి కొలవాలి. అయితే ఎవరూ కదలకుండానే మెట్టు కనిపిస్తే అది సహజమైన బుడగ. దాన్ని చెడ్డ కొలతగా పారేయకుండా విడిగా నమోదు చేయాలి, లేకపోతే మొత్తం ఉద్గారం తక్కువగా తేలుతుంది. కాటన్ గ్రాస్, సెడ్జ్ వంటి మొక్కలు తమ కాండాల్లోని గాలి గొట్టాల ద్వారా మీథేన్‌ను వేళ్ల నుంచి పైకి చేరవేస్తాయి గనుక, పెట్టెలో పట్టలేదని వాటిని కత్తిరించకూడదు.

వేసవి ముగియగానే సామాను సర్దుకోవడం ఈ రంగంలో చాలాకాలం సాగిన అలవాటు. గ్రీన్‌లాండ్‌లోని జాకెన్‌బర్గ్‌లో 2007 శరత్కాలంలో కొలతలను కొనసాగించినప్పుడు, పైపొర గడ్డకట్టే వేళ వెలువడిన మీథేన్ వేసవి మొత్తంలో వచ్చినదానితో దాదాపు సమానమని తెలిసింది. హిమనేల ప్రాంతాలన్నిటికీ వేసిన 2019 నాటి అంచనా ప్రకారం అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా సుమారు 166 కోట్ల టన్నుల కార్బన్ వెలువడుతుంటే, మొక్కలు పెరిగే కాలంలో నేలకు చేరేది సుమారు 103 కోట్ల టన్నులే. కాబట్టి నిధులు పరిమితంగా ఉంటే, జులైలో కొలతల సంఖ్యను తగ్గించుకుని అయినా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నేల గడ్డకట్టేదాకా వారానికొకసారి మడుల దగ్గరికి వెళ్లే ఏర్పాటు చేసుకోవాలి. మంచు పడ్డాక పెట్టెను మంచు మీద బోర్లిస్తే, మంచు మందాన్ని కూడా కొలిచి అదే పుటలో రాసుకోవాలి.